గవ్వలు కుట్టే చేతికి పేరు లేదా?



మన యాడీలు కుట్టిన కాంచళి, ఫేట్యా సభల్లో నాయకుల పక్కన ఫొటోలకి బాగా పనికొస్తాయి. కుట్టినామెను మాత్రం ఆర్టిస్ట్ అని ఎవరూ అనరు. బొమ్మ గీస్తే కళ, అద్దాలు కుడితే 'ఆడోళ్ల పని' అంట. ఈ లెక్క ఎవరు రాసినారు?

పక్కనే బళ్లారి జిల్లా సండూరు చూడండి. సండూర్ కుశల కళా కేంద్రం అనే సొసైటీ అక్కడ లంబాడీ మహిళలతో పనిచేస్తోంది. సండూర్ లంబానీ ఎంబ్రాయిడరీకి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపి జీ20 సమావేశాలప్పుడు 1,755 వస్తువుల ప్రదర్శనతో గిన్నిస్ రికార్డు కొట్టినారు. సూది అదే, గవ్వ అదే. వాళ్లకి సంఘం ఉంది, మనకి లేదు.

మన ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. సంతోషమే. మరి గోరంట్ల చుట్టుపక్కల తండాల సంగతేంది?

'శెనక్కాయ పంట ఎండిపోయి బెంగళూరుకి కూలికి పోతుంటే కళ ఏంది' అంటారు కొందరు. అందుకే అడుగుతున్నాం. వాన రాకపోయినా సూది నడుస్తుంది. కానీ దళారి చెప్పిన రేటుకే ఇచ్చేస్తే అదీ కూలే అవుతుంది.

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. మా షరతులు రెండే: అధ్యక్షురాలు కుట్టే మనిషే కావాలి, ప్రతి గుడ్డ మీద కుట్టినామె పేరుండాలి. హాస్టల్ పిల్లలం మనం లెక్కలు రాద్దాం, అప్లికేషన్లు నింపుదాం. కుర్చీ మాత్రం వాళ్లదే.

ఏ తండా నుంచి ఎవరొస్తారో కింద రాయండి.