రంగు చూసి మురవకండి, అతుకు అడగండి

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు ఫోను చేసినప్పుడు, "నాకు కవితలు రావు, కథలు రావు, వచ్చిందల్లా రేకు అతకడం ఒక్కటే" అన్నాను. "అయితే అదే వ్రాయండి" అన్నారు. నవ్వులాటకు అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. కానీ మన సభ్యుల కుటుంబాలకు చెప్పాలని ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్న మాట ఒకటి నా దగ్గర ఉంది. ఈ ఉగాది సంచికలో దాన్ని చెప్పేస్తున్నాను.

ఆ మాట ఇది: యాక్సిడెంటు అయిన కారు బాడీషాపునుంచి ఇంటికి వచ్చినప్పుడు రంగు కలిసిందా లేదా అని చూసి ఊరుకోకండి. ఆ రంగు కింద అతుకు ఎలా వేశారో అడగండి. రంగు కలవకపోతే కంటికి ఇబ్బంది. అతుకు కుదరకపోతే ప్రాణానికి ఇబ్బంది.

మొన్నీమధ్య మన సంఘంలోని మిత్రుడొకాయన, కూతురు కాలేజీకి వెళుతోందని వాడిన కారు ఒకటి కొన్నాడు. తెల్లటి కారు, అద్దంలా మెరుస్తోంది. వాన కురిసినప్పుడల్లా డిక్కీలో నీళ్ళు చేరుతున్నాయి, కాస్త చూడండి గురువుగారూ అని నా దగ్గరకు తెచ్చాడు. కార్పెట్టు ఎత్తి, లోపలి అట్టలు తీసి చూస్తే సంగతి బయటపడింది. వెనక చక్రం మీదినుంచి డిక్కీ దాకా ఉండే క్వార్టర్ ప్యానెల్‌ను ఎవరో ఇదివరకే మార్చారు. ఫ్యాక్టరీలో బారులు తీరి ఉండవలసిన వెల్డింగు చుక్కలకు బదులు జానెడు దూరానికొకటి ఉన్నాయి. మిగతా సందంతా సీలరుతో పూడ్చేశారు. స్క్రూడ్రైవరు పెట్టి కాస్త ఎత్తితే రెండు చుక్కలు ఊడి వచ్చాయి. లోపల పూత ఏదీ లేక రేకు తుప్పు పట్టింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

"రంగు చూసి కొన్నానండీ" అన్నాడు ఆయన, చిన్నబోయి. పక్కనే ఉన్న అమ్మాయి అడిగింది: "అంకుల్, ఈ కారులో నన్ను ఎవరైనా గుద్దితే ఏమవుతుంది?" ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్నవాడిని. 1980 ప్రాంతాల్లో మా షెడ్డుకు అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు వచ్చేవి. గ్యాసు మంటతో రేకును ఎర్రగా కాల్చి, సుత్తితో సాపు చేసి, అతికి, మీద లప్పం పెట్టి, నీళ్ళకాగితంతో రుద్ది రంగు కొట్టేవాళ్ళం. "పెళ్ళికూతురిలా ఉందయ్యా" అని ఓనరు అంటే అదే మాకు సర్టిఫికెట్టు. ఆ పనిని నేనివాళ తక్కువ చేసి మాట్లాడను. నాకు అన్నం పెట్టింది అదే.

1993లో ఈ దేశం వచ్చి డాలస్ దగ్గర ఒక బాడీషాపులో చేరాను. నా గర్వం మొదటి వారంలోనే దిగిపోయింది. ఫోర్‌మన్ నా చేతికి మిగ్ వెల్డింగు గన్ను ఇచ్చి, రెండు రేకు ముక్కలు అతికి చూపించమన్నాడు. ఇంతేనా అనుకుని అతికాను. పైకి ముత్యాల్లా ఉన్నాయి. అతను ఆ ముక్కను వైసులో బిగించి, సందులో ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. నా అతుకులు మూడూ బొట్టుబిళ్ళల్లా ఊడిపోయాయి. తర్వాత తను అతికిన ముక్కను అలాగే కొట్టాడు. ఈసారి రేకే చిరిగింది. చిరిగిన రేకు తునక రెండో రేకును పట్టుకుని అలాగే ఉంది. "చిరిగితే రేకు చిరగాలి గానీ అతుకు ఊడకూడదు" అన్నాడు. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ పాఠం మాత్రం పాతబడలేదు.

కారు గురించి రెండు ముక్కలు చెబితే నా భయం మీకు అర్థమవుతుంది. ముందు తలుపులు, బానెట్, ముందు చక్రాల మీది ఫెండర్లు ఎక్కువ కార్లలో బోల్టులతో బిగించి ఉంటాయి. విప్పి కొత్తవి బిగిస్తే చాలు. కానీ పైకప్పు, క్వార్టర్ ప్యానెళ్ళు, తలుపుల మధ్య నిలబడే పిల్లర్లు, గడప కింది రాకర్లు అలా కాదు. అవి ఒకదానికొకటి అతికి ఉంటాయి. ఫ్యాక్టరీలో రెండు రాగి కొనల మధ్య రేకులను నొక్కి, క్షణంలో కొంతసేపు వేల ఆంపియర్ల కరెంటు పంపి చుక్క చుక్కగా కలుపుతారు. ఒక్కొక్క కారులో అలాంటి చుక్కలు కొన్ని వేలు ఉంటాయి. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ ఎటునుంచి ఎటు పోవాలో, ఎక్కడ నలగాలో, ఎక్కడ నలగకూడదో ఇంజనీర్లు ముందే లెక్క కట్టి పెడతారు. ఆ దెబ్బను ఒక రేకునుంచి ఇంకో రేకుకు అందించేది అతుకే.

పైగా ఇప్పటి రేకు మా ఆటోనగర్ రేకు కాదు. పిల్లర్లలో వాడే బోరాన్ ఉక్కును సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడుకు కాల్చి, అచ్చులో నొక్కుతూనే చల్లారుస్తారు. దాంతో అది మామూలు రేకు కంటే నాలుగైదు రెట్లు గట్టిపడుతుంది. మన ఊళ్ళో కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచడం చూసే ఉంటారు. ఆ కొడవలిని మళ్ళీ నిప్పుల్లో పడేస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. ఈ పిల్లరు కూడా అంతే. వంగింది కదా అని మంట పెట్టి సాపు చేస్తే చూడటానికి నిటారుగానే ఉంటుంది, లోపలి గట్టిదనం మాత్రం పోతుంది. నేను ఆటోనగర్‌లో గొప్పగా చేసిన పని ఇవాళ చేస్తే తప్పు.

మంచి షాపులో పని ఇలా జరుగుతుంది. పాత చుక్కలను డ్రిల్లుతో తొలిచి, దెబ్బతిన్న ప్యానెల్ తీస్తారు. కొత్తది పెట్టి, క్లాంపులతో బిగించి, తలుపు సందులు, డిక్కీ సందులు సరిపోయాయో లేదో కొలుస్తారు. ఫ్యాక్టరీలోలాగా రాగి కొనల మిషనుతో చుక్కలు వేస్తారు. అది అందని చోట కంపెనీ ఒప్పుకుంటే పై రేకుకు రంధ్రం పెట్టి మిగ్ తీగతో నింపుతారు. వరసగా వేసుకుంటూ పోతే వేడికి రేకు వంకర్లు తిరుగుతుంది కాబట్టి ఇక్కడొకటి అక్కడొకటి వేస్తారు. చివరికి సందులకు సీలరు, లోపలి గుల్ల భాగాలకు మైనం పూత పెడతారు. వెల్డింగు వేడికి వెనకవైపు పూత కాలిపోతుంది కనుక, ఆ మైనం పెట్టకపోతే తుప్పు లోపలినుంచి తింటుంది. ఇందులో ఏ ఒక్క మెట్టూ రంగు వేశాక మీకు కనపడదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2017లో మన డాలస్ కోర్టులోనే జ్యూరీ ఒక తీర్పు ఇచ్చింది. వడగళ్ళ వానకు దెబ్బతిన్న 2010 మోడల్ హోండా ఫిట్ పైకప్పును ఒక షాపు వారు మార్చారు. వెల్డింగు చెయ్యాలని కంపెనీ చెబితే, వారు జిగురుతో అంటించారు. ఆ సంగతి తెలియకుండా దాన్ని కొనుక్కున్న దంపతులు 2013 డిసెంబరులో పెద్ద ప్రమాదంలో చిక్కుకున్నారు. బయటికి రాలేక తీవ్రంగా గాయపడ్డారు. షాపు వాటాగా జ్యూరీ వేసిన పరిహారం 3 కోట్ల 15 లక్షల డాలర్లు. ఆ కారు రంగులో ఏ లోపమూ ఉండి ఉండదు.

అలాగని జిగురు అంటేనే చెడ్డదని అనుకోకండి. కంపెనీయే జిగురు, రివెట్లు వాడమన్న చోట అవే సరైనవి. 2015 మోడల్‌నుంచి అల్యూమినియం బాడీతో వస్తున్న ఫోర్డ్ ఎఫ్-150లో ఉన్నవి అవే. అక్కడ నాలాంటివాడు నాకు వెల్డింగు వచ్చు కదా అని అతికితే అదీ తప్పే. ఏ కారుకు ఏ పద్ధతో దాన్ని తయారు చేసినవాడు వ్రాసి పెట్టాడు. ఆ కాగితమే మాకు పంచాంగం.

"మాకు ఇవన్నీ ఎందుకండీ, ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకుంటారు" అంటారు మనవాళ్ళు. ఇన్సూరెన్సు వారు చూసేది ఖర్చు. ఆ కారులో మీ పిల్లలు కూర్చుంటారు, వారు కూర్చోరు. టెక్సస్‌లో కారును ఏ షాపుకు తీసుకువెళ్ళాలో నిర్ణయించే హక్కు చట్టప్రకారం మీదే. వారు చెప్పిన షాపు మంచిదే కావచ్చు. కానీ అడిగి తెలుసుకుని ఒప్పుకోండి.

ఇంకో మాట కాస్త చనువుతో అంటాను. మనవాళ్ళు డాక్టరు దగ్గరకు వెళితే ఏ కాలేజీలో చదివాడో కనుక్కుంటారు. ఇల్లు కొంటే ఇన్‌స్పెక్టరును పిలుస్తారు. బాడీషాపుకు వచ్చేసరికి అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత, ఎప్పుడు? రేకు పనిలో తెలుసుకోవలసింది ఏముందిలే అన్న చిన్నచూపే దీనికి కారణమని నా అనుమానం. అడిగేవాడు లేనప్పుడు చేసేవాడికి భయం ఉండదు.

కాబట్టి ఈసారి ఈ అయిదూ అడగండి. నా కారులో మార్చే భాగం బోల్టులదా, వెల్డింగుదా? ఈ మోడలుకు కంపెనీ ఇచ్చిన రిపేరు పద్ధతి మీ దగ్గర ఉందా, నాకో కాపీ ఇస్తారా? అతికే మనిషికి ఐ-కార్ వంటి సంస్థ ఇచ్చిన వెల్డింగు సర్టిఫికెట్టు ఉందా? నా కారు మీద వేసేముందు అదే మందం రేకు మీద వేసి, చింపి చూశారా? రంగు వెయ్యకముందు అతుకుల ఫొటోలు తీసి ఇస్తారా? మంచి షాపువాడు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు, సంతోషిస్తాడు. విసుక్కున్నవాడికి ఒక నమస్కారం పెట్టి తాళాలు వెనక్కి తీసుకోండి. వాడిన కారు కొనేటప్పుడయితే డిక్కీ కార్పెట్టు ఎత్తించి, తెలిసినవారి చేత ఒక్కసారి చూపించండి.

మిత్రుడి కారు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ప్యానెల్ తీసేసి, కంపెనీ పద్ధతి ప్రకారం కొత్తది వేశాం. డబ్బు బాగానే అయింది, ఆయన కాదనలేదు. పని మొదలుపెట్టే రోజు అమ్మాయిని కూడా రమ్మన్నాను. నేను అతికిన ముక్కను వైసులో బిగించి, కళ్ళజోడు పెట్టి, ఉలి, సుత్తి ఆ పిల్ల చేతికే ఇచ్చాను. పది దెబ్బలు వేసింది. రేకు చిరిగింది, అతుకు ఊడలేదు. "ఓకే అంకుల్, ఇప్పుడు వెల్డ్ చెయ్యండి" అంది.

ఈ ఉగాదినుంచి మీరందరూ అలా అడిగేవారు కావాలని, మీ ప్రయాణాలన్నీ క్షేమంగా సాగాలని కోరుకుంటూ, సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.