ఎగిరే పళ్ళాలూ, 'సాధ్యం' అనే మాటా

గతితర్కం చదువుకున్న మిత్రులు గూడా కొందరు ఈ మధ్య ఒక వాదం చేస్తున్నారు. ఆకాశంలో అప్పుడప్పుడూ కనిపించే అజ్ఞాత వస్తువులు ఇతర నక్షత్రాల నుంచి వచ్చిన నౌకలు కాబోలునట! దూరం మాట ఎత్తితే, "మీకు రాకెట్టు తప్ప మరొకటి తెలియదు. మనకంటే లక్ష సంవత్సరాలు ముందున్నవారికి వేరే చోదకశక్తి ఉండరాదా? అసాధ్యమని రుజువు చెయ్యగలరా?" అంటారు. వినడానికి ఇది విశాలదృష్టిలాగే ఉంటుంది. నాకు మాత్రం ఆలోచన మానుకోవడానికి దొరికిన మర్యాదైన సాకుగా కనిపిస్తున్నది.

మనకు అతి సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, దూరం 4.24 కాంతి సంవత్సరాలు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అది ఆ దిక్కుకే పోతున్నదనుకున్నా, చేరడానికి 70 వేల సంవత్సరాలు దాటుతుంది. రష్యాలో కలూగా బడిపంతులు త్సియోల్కోవ్‌స్కీ 1903లోనే దీని కీలకం చెప్పాడు: వేగం కూడికగా పెరగాలంటే ఇంధనం హెచ్చవేతగా పెరగాలి. కనుక రసాయన ఇంధనంతో ఈ పని కాదు. ఇందులో పేచీ లేదు.

పోనీ కేంద్రక సంలీనం? బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వారు 1973-78 మధ్య 'డీడలస్' అనే నౌకకు కాగితం మీద రూపకల్పన చేశారు. ఇంధనం 50 వేల టన్నులు. అందులోని హీలియం-3ని బృహస్పతి వాతావరణం నుంచి తోడి తేవాలి. ఇంతా చేస్తే కాంతి వేగంలో 12 శాతం వస్తుంది, 50 ఏళ్ళలో బార్నార్డ్ నక్షత్రం దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆగడానికి మాత్రం ఇంధనం మిగలదు! ఈ పథకమంటే నాకు గౌరవం. ఎందుకంటే అందులో ప్రతి ఖర్చుకూ పద్దు ఉంది. 1 టన్ను బరువుకు కాంతి వేగంలో పదోవంతు వేగం ఇవ్వాలంటే 12,500 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. ఆ నౌకను ఏ లోకంవారు నడిపినా ఈ పద్దు మారదు.

ఇక మన మిత్రుల బ్రహ్మాస్త్రం. 1994లో మెక్సికో భౌతికశాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రె ఒక చక్కని ఊహ ప్రకటించాడు. నౌకకు ముందున్న స్థలం ముడుచుకొని, వెనకున్నది సాగితే, నౌక కాంతికంటే ముందుగా గమ్యం చేరవచ్చును. ఐన్‌స్టీన్ సమీకరణాలు దీనికి అడ్డు చెప్పవు. వీరు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. కాని ఇందుకు ప్రతికూల శక్తి కావాలని ఆ పత్రంలోనే ఉంది. ఎంత కావాలో 1997లో ఫెనింగ్, ఫోర్డ్ లెక్క కడితే, కనిపించే విశ్వంలోని శక్తి అంతా పోగుచేసినా చాలదని తేలింది. 1999లో వాన్ డెన్ బ్రూక్ దాన్ని కొద్దిమంది సూర్యుల ద్రవ్యరాశి దాకా తగ్గించాడు. పెద్ద తగ్గింపే, కాదనను. అయితే ఆ సరుకును పిడికెడైనా పోగుచేసి చూపినవారు లేరు.

నేను అలంకారశాస్త్రం పాఠం చెప్పుకునేవాణ్ణి. ఒకదాన్ని మరొకటి కాబోలునని సంభావిస్తే ఉత్ప్రేక్ష. అదే ఇది అని అభేదం చెబితే రూపకం. వీరి వాదం ఉత్ప్రేక్షతో బయలుదేరి రూపకంలో దిగుతుంది. దారిలో ఒక్క వాస్తవమూ ఎక్కదు. సమీకరణం ఒప్పుకోవడం ఒకటి, యంత్రం తయారు కావడం వేరొకటి, ఆ యంత్రం మన ఊరి మీదుగా ఎగరడం మరీ వేరు. మొదటిది రుజువైనంత మాత్రాన మూడోది ఎలా రుజువవుతుంది?

ఈ జాడ్యం మనవాళ్ళకు కొత్త కాదు. అర్జెంటీనా ట్రాట్‌స్కీవాది పోసాదాస్ 1968లో ఎగిరే పళ్ళాల మీద ఒక వ్యాసమే రాశాడు. అంత దూరం రాగలవారు మనకంటే ఉన్నతమైన సమాజవ్యవస్థకు చెందినవారై ఉండాలనీ, వస్తే దారిద్ర్యనిర్మూలనలో సహకరించమని వారిని కోరాలనీ ఆయన మతం. కల్కి అవతారం కోసం కాచుకున్నవారిని చూసి నవ్వే మనం దీన్ని ఏమనాలి?

ప్రభుత్వాలు ఏదో దాస్తున్నాయన్న అనుమానం మాత్రం ఉత్తిది కాదు. దాచిందేమిటన్నదే ప్రశ్న. అమెరికన్ వైమానికదళం 1969 దాకా పోగుచేసిన 12,618 కేసులలో 701 తేలలేదు. తేలకపోవడమంటే తేలకపోవడమే. 1950ల చివరా 1960లలోనూ వచ్చిన కబుర్లలో సగానికి పైగా తమ గూఢచారి విమానాలను చూసి చెప్పినవేనని సి.ఐ.ఏ. తన చరిత్రలోనే 1997లో రాసుకుంది. ఆ రోజుల్లో సైన్యం నిజం దాచి వాతావరణం మీదికి నెట్టింది. కనుక యుద్ధయంత్రం మీద పెట్టవలసిన కన్నును నక్షత్రాల మీదికి తిప్పడం ఎవరికి లాభమో మన మిత్రులు ఆలోచించాలి. లోకాంతర యంత్రాలకు ఆధారం లేదని 2024లో పెంటగాన్ నివేదిక చెప్పింది. పెంటగాన్ చెప్పింది గనుక నమ్మమని నేననను. ఏ దేశపు ప్రయోగశాలలోనైనా పరీక్షకు నిలిచే ఒక్క లోహపు ముక్క తెమ్మంటాను.

మన దేశంలో ఈ చర్చ ఉబుసుపోకకు చేసేది కాదు. 'వైమానిక శాస్త్రం' 1904కు ముందుది కాదనీ, అందులోని విమానాలు ఎగరజాలవనీ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు 1974లోనే తేల్చారు. అయినా 2015లో ముంబయి సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానవిద్య మీద పత్రం చదివారు. అసాధ్యమని రుజువు చెయ్యగలరా అని వారూ అడగగలరు. నక్షత్రనౌకకు ఆ ప్రశ్నను చెల్లనిచ్చిన మన అధ్యాపకుడు, రేపు తరగతిలో ఒక కుర్రవాడు లేచి పుష్పకానికీ చెల్లుతుందంటే ఏం జవాబు చెబుతాడు?