పాదయాత్ర పత్రమూ, మధుమేహ పాదమూ

గత నెల నా చిన్ననాటి మిత్రుడొకరు మా ఇంటికి వచ్చారు. నరసరావుపేటలో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, జర్మనీలో ఉన్న కుమారుని వద్దకు ఏటా వెళ్లి వస్తుంటారు. చేతిలో చుట్టిపెట్టిన దళసరి కాగితం ఒకటి విప్పి చూపించారు. లాటిన్ భాషలో ఉన్న పత్రం, అందులో ఆయన పేరు. "స్పెయిన్‌లో వంద కిలోమీటర్ల పైచిలుకు నడిచాను. ఐదు రోజుల్లో పూర్తిచేశానురా" అన్నారు. అభినందించి, పాతికేళ్ల అలవాటు కొద్దీ చెప్పులు విప్పమన్నాను. కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. "నొప్పేమీ లేదు, పొక్కు చితికిందంతే" అన్నారు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్న మనిషి పుండు చూపిస్తూ నొప్పి లేదంటే వైద్యుడికి ఊరట కలగదు, భయం వేస్తుంది.

ఆయన తెచ్చిన పత్రం పేరు 'కొంపోస్తెలా'. స్పెయిన్ వాయవ్య మూలన సాంతియాగో నగరంలో, అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని విశ్వసించే ప్రధానాలయానికి మధ్యయుగాల నుంచి జనం నడిచి వెళుతున్నారు. అక్కడి యాత్రికుల కార్యాలయం ఈ పత్రాన్ని ఇస్తుంది. 2024లో దీనిని పొందినవారు ఐదు లక్షలకు కొద్దిగా తక్కువ. నడిచేవారు కనీసం 100 కిలోమీటర్లు, సైకిలుపై వెళ్లేవారు 200 కిలోమీటర్లు పూర్తిచేయాలి. యాత్రికుని పుస్తకంలో దారిలోని చర్చిల్లో, సత్రాల్లో ముద్రలు వేయించుకోవాలి. చివరి వంద కిలోమీటర్లలో రోజుకు రెండు ముద్రలు తప్పనిసరి. మధ్యలో బస్సెక్కి దూరం తగ్గించుకుంటే పత్రం రాదు.

ఈ నిబంధనల్లో లేనిదేమిటో గమనించారా? గడువు లేదు. రోజుకు ఇన్ని కిలోమీటర్లు నడవాలన్న షరతు లేదు. నడక ఆపినచోట ముద్ర వేయించుకుని, తర్వాత అక్కడి నుంచే మళ్లీ ముద్రతో మొదలుపెట్టి, వరుస తప్పకుండా సాగితే చాలు. మిత్రుడు బయలుదేరిన సార్రియా పట్టణం నుంచి సాంతియాగో సుమారు 115 కిలోమీటర్లు. పది రోజులు తీసుకుంటే రోజుకు పదకొండున్నర, ఐదు రోజులైతే ఇరవైమూడు. ఇంటివద్ద ఆయన ఉదయపు నడక మూడు కిలోమీటర్లు. మూడు నుంచి ఒక్కసారిగా ఇరవైమూడుకు దూకమని ఆ కార్యాలయం అడగలేదు. అడిగింది కుమారుని సెలవు, తిరుగు విమానం టికెట్టు, ఆపైన ఆయన పట్టుదల.

మన యాత్రలకు పత్రాలు లేవు. కానీ మొక్కు ఉంది, మొక్కుకు తిథి ఉంది. ఆ కట్టుబాటు ఏ కాగితం కన్నా బలమైనది. శివరాత్రికి శ్రీశైలం చేరాలనుకున్నవారు దోర్నాల దాటాక నల్లమలలో దాదాపు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డును పాదాలు పచ్చిపుండ్లయినా ఎక్కేస్తారు. ఫిబ్రవరి 11 నాటికి గుణదల మాత కొండకు చేరాలని నరసరావుపేట నుంచి బయలుదేరేవారికి గుంటూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. పైగా ఎందరో చెప్పులు లేకుండా నడుస్తారు. రెంటచింతల ఎండ ఎలాంటిదో పల్నాటి వారికి నేను చెప్పనక్కరలేదు. మాఘం చివరికే ఇక్కడి తారురోడ్డు మిట్టమధ్యాహ్నం అరికాలిని కాలుస్తుంది. కాలుతోందని తెలిసినవాడు నీడకు తప్పుకుంటాడు. తెలియనివాడి సంగతే నా బాధ.

మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నప్పుడు పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు, గాజుపెంకు, చెప్పులో ఇరుక్కున్న రాయి, ఏదీ తెలియదు. పుండుతోనే మరో రెండు రోజులు నడుస్తారు. లోపలికి చీము చేరి ఎముకను తాకుతుంది. గురజాల వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు శ్రీశైలం నడక తర్వాత రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చిన సంగతి నేను మరువలేదు. మొక్కు తీరింది కదా అని ఆయనే నన్ను ఓదార్చాడు. బయలుదేరేముందు ఎవరైనా ఆయన అరికాళ్లు చూసి ఉంటే ఆ రెండు వేళ్లూ నిలిచేవని నా నమ్మకం. ఆ పరీక్షకు కావలసింది 10 గ్రాముల ఒత్తిడినిచ్చే చిన్న నైలాన్ తీగ. దానిని అరికాలిపై ఆనించినప్పుడు స్పర్శ తెలియకపోతే ఆ పాదం వట్టికాలితో నడవటానికి తగదు.

ఉపవాసం మరో చిక్కు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని, శివరాత్రికి ఏమీ తినకుండా నడిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడుతూ నిరాహారంగా ఉండేవారి రక్తంలో ఆమ్లాలు పెరిగే ముప్పు ఉంది. కాబట్టి ఉపవాసానికి ముందు మందులు ఎలా మార్చుకోవాలో మీ వైద్యుణ్ణి అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ మింగి, నీళ్లు చాలక నడిచేవారి మూత్రపిండాలు దెబ్బతినటం కూడా చూశాను.

మరి అరవై దాటినవారు, రోగులు నడవనే కూడదా? 2024లో తిరుమల తిరుపతి దేవస్థానం 60 ఏళ్లు పైబడినవారు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన కొండకు రావద్దని సూచించింది. అలిపిరి దారిలో 3550 మెట్లు. అక్కడ ఆ జాగ్రత్త సమంజసమే. కానీ నడక మధుమేహానికి మందు కూడా కదా. చదునైన దారిలో, మెల్లగా, విరామాలతో నడిచేవారిని సైతం ఇంటివద్ద కూర్చోబెట్టటం నాకు సమ్మతం కాదు.

అందుకే ఆ స్పెయిన్ పుస్తకంలోని ముద్ర పద్ధతి మనకు పనికివస్తుందని నా అభిప్రాయం. యాత్రల దారిలో మజ్జిగ, పులిహోర పంచే శిబిరాలు మనకు ఎలాగూ ఉంటాయి. ప్రతి శిబిరంలో ఒక కుర్చీ, బకెట్ నీళ్లు, ఒక టార్చి లైటు, ఆ నైలాన్ తీగ, శిక్షణ పొందిన ఒక ఆరోగ్య కార్యకర్త ఉంటే చాలు. పాదాలు కడిగి, వేళ్ల సందులు, మడమలు చూశాకే పుస్తకంలో ముద్ర వేయాలి. పుండు కనబడితే 'ఇక్కడ ఆగారు' అని రాసి ముద్ర వేయాలి. మానిన తర్వాత, వచ్చే ఏడాదైనా సరే, అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆగినవాడు ఓడినవాడు కాదని ఆ కాగితమే చెబుతుంది. మెత్తని అడుగుతో వేళ్లు ఒరుసుకోని బూట్లు వేసుకున్నవారికీ పత్రం ఇవ్వాలి.

చెప్పులతో, ఆగి ఆగి చేస్తే అదేం మొక్కు అని కొందరు కోపగిస్తారు. వారికి కోటప్పకొండనే గుర్తుచేస్తాను. రోజూ కొండెక్కి సేవ చేసిన గొల్లభామ ఆనందవల్లి గర్భవతియై ఇక ఎక్కలేనని వేడుకుంటే, వెనుదిరిగి చూడకుండా నడువు, నీ వెంట నేనే దిగివస్తానన్నాడట శివుడు. ఆమె దారిలో వెనుదిరిగి చూసినచోటే ఆగిపోయాడని స్థలపురాణం. నడవలేనన్న భక్తురాలిని ఆ స్వామి తప్పుపట్టలేదు.

మిత్రుడి పుండు మానుతోంది. పాదం మీద బరువు మోపవద్దన్నందుకు విసుక్కుంటూనే, శివరాత్రికి ఇంటి నుంచి కోటప్పకొండ వరకూ నడుస్తానంటున్నారు. సుమారు 12 కిలోమీటర్లు. పుండు పూర్తిగా మానాక, కొత్త బూట్లతో, రెండు రోజులుగా విడదీసి అయితే సరేనన్నాను. వచ్చే ఆదివారం కట్టు మార్చటానికి రమ్మన్నాను. ఈసారి ఎడమ పాదం కూడా చూడాలి.