కృత్రిమ ఇంధనమా? బ్యాటరీయా?

మానవ ప్రగతికి ప్రయాణ సాధనాలు ఎంతగానో తోడ్పడ్డాయి. అయితే అవి వెలువరించే పొగ నేడు ప్రపంచానికి పెనుసమస్యగా పరిణమించింది. పెట్రోలు, డీజిలులకు ప్రత్యామ్నాయంగా రెండు మార్గాలు ముందుకు వచ్చాయి. ఒకటి బ్యాటరీ, రెండవది కృత్రిమ ఇంధనం. ఈ రెండింటినీ దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో చూడవచ్చు.

చిలీ ఉత్తర భాగాన అటకామా ఎడారిలో భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, ఎండబెట్టి, బ్యాటరీలకు కావలసిన లిథియంను తీస్తున్నారు. దక్షిణ కొసన పుంటా అరెనాస్ నగర సమీపంలో 2022 డిసెంబరులో హరు ఓని కర్మాగారం ప్రారంభమైంది. గాలిమరల విద్యుత్తుతో నీటినుండి హైడ్రోజన్‌ను వేరుచేసి, దానిని కార్బన్ డయాక్సైడుతో కలిపి మిథనాలుగాను, ఆపై పెట్రోలుగాను మార్చడం అక్కడి విధానం.

కృత్రిమ ఇంధనానికి కొత్త ఇంజన్లు అక్కరలేదు. కొత్త బంకులూ అక్కరలేదు. కర్బన వాయువును వెలువరించే కొత్త కార్ల అమ్మకాన్ని 2035 నుండి నిలిపివేయడానికి ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసినప్పుడు, ఈ ఇంధనంతో నడిచే కార్లకు మినహాయింపు ఇవ్వాలని జర్మనీ పట్టుబట్టింది. కాని ఈ సౌలభ్యానికి చెల్లించవలసిన మూల్యం అధికం. 100 యూనిట్ల విద్యుత్తులో బ్యాటరీ కారు చక్రాలకు సుమారు 70 యూనిట్లు చేరుతాయి. అదే విద్యుత్తును ఇంధనంగా మార్చి మండిస్తే చేరేది సుమారు 15 యూనిట్లే. అనగా అంతే దూరం ప్రయాణించడానికి నాలుగైదు రెట్లు గాలిమరలు కావాలి.

బ్యాటరీ కూడా దోషరహితం కాదు. నీరే కరవైన అటకామాలో ఈ తోడకం స్థానిక ప్రజలను కలవరపెడుతున్నది. సగానికి పైగా విద్యుత్తు బొగ్గునుండే లభించే మన దేశంలో, వీధిలో తగ్గిన పొగ కొంతవరకు విద్యుత్కేంద్రంలో వెలువడుతుంది. పైగా కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉండగా, కిలో బ్యాటరీలో దాదాపు పావు యూనిట్ మాత్రమే ఉంటుంది. అంత బరువుతో విమానం సముద్రాలను దాటలేదు.

కనుక ఈ రెండింటినీ ప్రత్యర్థులుగా భావించడం పొరపాటు. ఊరిలో తిరిగే బండికి బ్యాటరీ చాలు. దూరదేశాలకు సాగే విమానానికి, ఓడకు కృత్రిమ ఇంధనం అవసరం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నారు పెద్దలు. స్వచ్ఛమైన విద్యుత్తు ఇంకా అపురూపంగానే ఉన్నది. దానిని ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ వెచ్చించాలో తెలుసుకోవడమే అసలైన వివేకం.