‘పరిష్కరించబడినది’ అంటే ఎవరు పరిష్కరించిన్రు?

మొన్న ఎండకాలం మా జవహర్‌నగర్ గల్లీల ఒక కాక ఇంట్ల ఫ్రిజ్ సల్లబడుడు బందైంది. నాచారంల ఒక ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఫ్రిజ్ కొని పదకొండు నెలలు. ఏడాది గ్యారంటీల ఇంక నెల మిగిలున్నది. ‘జర ఫోన్ కలుపు బిడ్డా’ అన్కుంట మా ఇంటికొచ్చిండు.

కలిపిన. తెలుగు కోసం రెండు నొక్కుమన్నది, నొక్కి కాక చేతికిచ్చిన. ‘మీ యొక్క గృహోపకరణం యొక్క క్రమ సంఖ్యను నమోదు చేయగలరు’ అన్నది లోపలి గొంతు. కాక నా మొఖం చూసిండు. ‘ఏం ఉపకారం అడుగుతున్నది బిడ్డా?’

పెట్టేసి మళ్ల చేసినం. ఈసారి కాకనే హిందీ నొక్కిండు. షికాయత్ దర్జ్ చెయ్యాలంటే ఫలానా నంబర్ నొక్కుమన్నది. టక్కున నొక్కిండు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గనిపించింది. పుట్టినకాడి నుంచి తెలుగు మాట్లాడే మనిషికి తెలుగు లైన్ కన్న హిందీ లైన్ దగ్గరైంది. ఎందుకు కాదు? షికాయత్, దర్జ్, మరమ్మతు, రసీదు, తారీఖు, దుకాణం అన్నీ కచేరీలల్ల నుంచి, బజార్ల నుంచి ఊర్లకొచ్చి మన తెలుగుల కలిసిపోయిన మాటలే. కంపెనీకి తెలుగు రాసిచ్చినాయన లెక్కల మాత్రం గవి తెలుగు కాదు.

రెండున్నర జిల్లాల భాష మన నెత్తిన రుద్దుతున్నరని 2014కు ముందు ఎన్ని సభలల్ల మాట్లాడుకోలే! నిజం చెప్పాలంటే ఈ ఫోన్ల తెలుగు ఆ రెండున్నర జిల్లాలది సుత కాదు. గుంటూరుల ఏ అవ్వ ‘మీ యొక్క’ అంటది? ఇంగ్లిష్ కాగితం ముందట పెట్టుకొని మాటకు మాట దించిన తెలుగు ఇది. ఏ ఊర్ల పుట్టలే, ఎవరి ఇంట్ల పెరగలే. చదివే పిల్లను తిట్టి లాభం లేదు, రాసిచ్చింది చదువుతది.

నాలుగు దినాలకు మెకానిక్ పిలగాడొచ్చిండు. ఎనుక ఏందో విప్పిండు, బిగించిండు. ‘ఇంకో గంటల సల్లబడ్తది’ అన్నడు. ఒక కాగితం ముందట పెట్టి సంతకం చెయ్యమన్నడు. కాగితమంత ఇంగ్లిష్. కాక దాని కింద ముత్యాల లెక్క తెలుగు సంతకం పెట్టిండు. ఏం రాసున్నదో నేను సాయంత్రం చూసిన: మరమ్మతు అయింది, ఫ్రిజ్ మంచిగ నడుస్తున్నది, నాకు తృప్తి అయింది అని.

ఫ్రిజ్ సల్లబడలే. మళ్ల ఫోన్ చేస్తే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని వినవడ్డది. ఈ ‘బడినది’ అంటే నాకు మా చెడ్డ కోపం. నమోదు చేయబడినది, తిరస్కరించబడినది, నిలిపివేయబడినది. చేసిందెవరో చెప్పకుంట తప్పించుకునే మాట. మన ఇండ్లల్ల గిట్ల మాట్లాడం. పాలు పొంగితే ‘పొంగించబడినవి’ అంటే అమ్మ ఊరుకుంటదా, పొయ్యికాడ ఎవరున్నరని అడుగది? తిరుగుడు తిరుగుడులనే గ్యారంటీ నెల గడిచిపోయింది. ఇగ పైసలు కట్టాలన్నరు.

ఇది భాషాభిమానం ముచ్చట కాదు. కాలోజీ పుట్టినదినం సెప్టెంబర్ 9న ఏటా తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం, శాలువలు కప్పుకుంటున్నం, మంచిదే. కాక పెట్టిన సంతకం సంగతి వేరు. అది ఆయనకే ఎదురు సాక్ష్యమైంది.

కానూన్ ఏమన్నదో చూస్తే గమ్మతనిపిస్తది. పురుగుమందు డబ్బల మడతపెట్టి పెట్టే కాగితం హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఆ ప్రాంతపు భాషల గుడ ఉండాలని 1971 నాటి నియమాలే చెప్పినయి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటయనుకో, అది వేరే లొల్లి. బ్యాంకులల్ల ఫారాలు మూడు భాషలల్ల పెట్టుమని రిజర్వు బ్యాంకు చెప్పింది. అదే దుకాణంల కొనే ప్యాకెట్ మీది వివరాలకు 2011 నియమాల ప్రకారం హిందీయో ఇంగ్లిషో ఉంటే చాలు. తెలుగు గుడ వేస్తే వద్దనరు, వెయ్యాలని మాత్రం అనరు. ప్యాకెట్‌కే అట్లుంటే మెకానిక్ కాగితాన్ని ఎవరడుగుతరు?

రాయరాక కాదు, రాయబుద్ధి గాక. 2018ల హైదరాబాద్ బస్తీలల్ల సర్కారు చిన్న దవాఖానలు పెట్టింది. ‘ప్రాథమిక ఆరోగ్య ఉపకేంద్రం’ అనకుంట ‘బస్తీ దవాఖాన’ అన్నది. బోర్డు మీద మన నోటి మాట ఉన్నది. దాంతోని తెలుగుకు ఏం నష్టమొచ్చింది? ఎటు పోవాల్నో ముసలవ్వకు ఎవర్నీ అడగకుంటనే తెలుస్తున్నది.

కాక ముచ్చటకొస్త. 1915కు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసినం. తెలుగుల మాట్లాడొచ్చు. 2020 జులై నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం మనమున్న జిల్లాలనే కేసు వెయ్యొచ్చని, అయిదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు లేదని కాకకు చెప్పిన. ‘ఫ్రిజ్ కోసం కోర్టా’ అన్నడు గని, కాగితాలన్ని ఒక కవర్ల పెట్టి పెట్టుకున్నడు.

వారం తిరిగేసరికి అదే పిలగాడు మళ్లొచ్చిండు. భువనగిరి దిక్కు పిల్లగాడు, మన మాటే. విప్పిండు, బిగించిండు, అదే కాగితం ముందట పెట్టిండు. ఈసారి కాక కళ్లజోడు పెట్టుకొని, పెన్ను తీసుకొని, సంతకం మీద పెద్దక్షరాలతోని ‘ఇంక సల్లబడ్తలేదు’ అని రాసి, తారీఖు వేసిండు.

పిలగాడు పరేషానై ఆఫీసుకు ఫోన్ కలిపిండు. ‘సార్, సంతకమైతే పెట్టిండు గని పైన తెలుగుల రాసిండు.’ అవుతలి నుంచి ఏం రాసిండని అడిగినట్టున్నరు. పిలగాడు ఒకసారి కాక దిక్కు చూసి, గొంతు తగ్గించి అన్నడు: ‘సల్లబడ్తలేదట సార్.’