సీసాలోని నత్త



గడచిన పంటకాలములో మేము ఒక గ్రామమునకు వెళ్లి ఒక రైతు కుటుంబమును దర్శించాము. ఆయన ఎకరమున్నరలో మిరప వేశాడు. మొక్కలు ఏపుగా పెరిగాయి గాని పూత నిలువలేదు, కాయ కాయలేదు. విత్తనాల దుకాణమునకు వెళ్లి అడిగితే, "ప్యాకెట్టు మూసి వచ్చింది, మూసినట్టే మీకిచ్చాను. లోపల ఏముందో నాకేమి తెలుసు? కంపెనీ వాళ్లను అడగండి" అన్నారట. ఆ కంపెనీ ఎక్కడో దూరాన ఉన్నది.

ఆ సాయంత్రము అరుగు మీద కూర్చున్నవారు తలొక మాట అన్నారు. "కొనేవాడే చూసుకొని కొనాలి. కొన్న తరువాత ఏడిస్తే ఏమి లాభము?" అన్నారు ఒక పెద్దాయన. "చూసుకోవడానికి అవేమైనా వంకాయలా మామయ్యా? గింజ కడుపులో ఏముందో ఎవరికి కనబడుతుంది?" అన్నది ఆ ఇంటి కోడలు. "మా అక్క అమెరికాలో ఉంటుంది. అక్కడ ఏ వస్తువు తిరిగి ఇచ్చినా మారుమాట లేకుండా డబ్బిస్తారట. అక్కడి చట్టము అటువంటిది" అన్నాడు ఒక యువకుడు.

ఈ మూడు మాటలను ఈ నెల మనము కలిసి ఆలోచించుదాము.

పెద్దాయన మాట కొత్తది కాదు. కొనేవాడే జాగ్రత్తపడాలన్నది ఆంగ్లేయుల న్యాయములో కూడా చాలాకాలము నిలిచిన సూత్రమే. దానికి తోడు ఇంకొక అడ్డుగోడ ఉండేది. డబ్బిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, వీరిద్దరి మధ్యనే ఒప్పందము గనుక మూడవవాడు సామాన్యముగా అడగడానికి వీలులేదు. ఆ గోడను పడగొట్టినది ఒక నత్త అంటే ఆశ్చర్యముగా ఉంటుంది.

1928 ఆగస్టు 26న స్కాట్లాండులోని పెయిస్లీ పట్టణములో మే డోనహ్యూ అనే పేద స్త్రీకి ఆమె స్నేహితురాలు ఒక చిన్న హోటలులో జింజర్ బీరు అనే అల్లపు పానీయము కొనిపెట్టింది. సీసా ముదురు రంగుది, లోపల ఉన్నది బయటికి కనిపించదు. కొంత త్రాగిన తరువాత మిగిలినది వంచితే కుళ్లిన నత్త బయటపడిందని, దానివలన తాను జబ్బుపడ్డానని ఆమె ఫిర్యాదు. అయితే డబ్బిచ్చినది ఆమె కాదు. హోటలువాడు పానీయము తయారుచేయలేదు. తయారుచేసినవానికి ఆమె ఎవరో తెలియదు. మరి ఎవరిని అడగాలి?

తయారుచేసినవాని మీదనే ఆమె దావా వేసింది. ఎడిన్‌బరోలోని కోర్టు కాదన్నది. ఖర్చులకు సొమ్ము లేని బీదరాలినని రుజువు చేసుకొని ఆమె లండనులోని అత్యున్నత న్యాయస్థానము వరకు వెళ్లింది. 1932 మే 26న ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆమె పక్షమున తీర్పు చెప్పారు. వారిలో లార్డ్ అట్కిన్ అనే ఆయన తన తీర్పును మనకందరికి తెలిసిన ఒక ప్రశ్న మీద కట్టాడు. మంచి సమరయుని ఉపమానమునకు ముందు ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ప్రశ్నే అది. పొరుగువాడంటే ఎవడు? మన పనివలన ఎవరికి హాని కలుగవచ్చునో ముందుగా ఊహించగలమో, వారే చట్టము ఎదుట మన పొరుగువారని ఆయన భావము. సీసా మూసి పంపేవాడు దానిని త్రాగబోయేవారిని తలంచుకొనే పంపాలి. ఆ సీసాలో నిజముగా నత్త ఉన్నదో లేదో విచారణ జరుగకుండానే వ్యాజ్యము రాజీ అయిపోయింది. సూత్రము మాత్రము అనేక దేశములకు ప్రాకింది.

ఇక యువకుని మాట. అమెరికాలో చాలా దుకాణములు సరుకు వాపసు తీసుకోవడము నిజమే. అయితే మంచి వస్తువును కేవలము మనసు మారినందున తీసుకోవాలని దేశమంతటికీ చట్టము లేదు. అది వారి వ్యాపార పద్ధతి. బ్రిటనులో 2015 నాటి చట్టము ప్రకారము, లోపమున్న వస్తువును సామాన్యముగా 30 రోజులలోగా తిరిగి ఇచ్చి పూర్తి సొమ్ము అడగవచ్చు. యూరపు సమాఖ్య దేశములలో ఫోను ద్వారానో ఇంటర్నెట్టు ద్వారానో చూడకుండా కొన్న చాలా వస్తువులను 14 రోజులలోగా కారణము చెప్పకుండానే వెనక్కి ఇవ్వవచ్చు. దుకాణములో చేతితో పట్టి చూసి కొన్నదానికి ఆ వెసులుబాటు లేదు. అంటే ఆ ఇంటి కోడలు అడిగిన ప్రశ్ననే ఆ చట్టములు కూడా అడుగుతున్నాయి. కొనేవాడు చూడగలిగాడా, లేదా?

మన దేశములో 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో 2019లో కొత్త చట్టము చేశారు. అది 2020 జూలై నుండి అమలులో ఉన్నది. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని బిల్లు మీద అచ్చువేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయములో బాధ్యత తప్పదు. బిల్లులో గడువు వేయకపోతే 30 రోజులలోగా తీసుకోవాలి. తయారుచేసినవానిని కూడా నేరుగా అడగవచ్చు. డబ్బిచ్చినవాడే కాదు, అతని సమ్మతితో ఆ వస్తువును వాడుకున్నవారు కూడా వినియోగదారులే.

విత్తనముల సంగతి మరి ముఖ్యమైనది. మన ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములలోనే 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విత్తనము కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, విత్తనముల చట్టము వేరుగా ఉన్నా ఈ మార్గము మూసుకొనిపోదని దాని సారాంశము. కొన్న గింజలన్నీ నేలలో వేసే రైతు పరీక్షకని కొన్ని దాచలేదంటూ అతనిని త్రోసివేయకూడదని కూడా అన్నది.

గనుక బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ ప్యాకెట్టును పారవేయవద్దు. పంట పొలములో ఉండగానే వ్యవసాయ అధికారికి వ్రాతపూర్వకముగా తెలిపి, పొలము చూపించండి. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులో రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన వెల 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. సలహా కొరకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఆ రైతు వద్ద బిల్లుకు బదులు తెల్లకాగితము మీద వ్రాసిన చీటీ మాత్రమే ఉన్నది. ఆయన భార్య చూరులో నుండి ఖాళీ ప్యాకెట్టు తీసుకువచ్చింది. ఆ రెండూ పట్టుకొని మరునాడు మండల కార్యాలయమునకు వెళ్లారు. మా ప్రార్థన వారితో ఉన్నది.

చివరగా ఒక్క మాట. మనము కొనేవారము మాత్రమే కాదు, అమ్మేవారము కూడా. మన పాల బిందెలోను, పత్తి బోరెములోను ఏమున్నదో అవతలివానికి కనబడదు. మనకు తెలుసు. ఆ పాలు త్రాగే పట్టణపు బిడ్డ పేరు మనకు తెలియకపోవచ్చు. అయినా ఆ బిడ్డ మన పొరుగువాడే.