రాయి విసిరే హక్కు టికెట్‌లో లేదు

ఒకే రోజు, ఒకే ఆటగాడు, రెండు నగరాలు. 2025 డిసెంబరు 13న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో మెస్సీ ఉన్న కాసేపూ ఆయన చుట్టూ నాయకులు, ప్రముఖులు మూగారు. వేల రూపాయలు పోసి టికెట్ కొన్నవాళ్లకు ఆయన సరిగా కనపడనే లేదు. ఆయన వెళ్లిపోగానే సీసాలు ఎగిరాయి, కుర్చీలు విరిగాయి, జనం మైదానంలోకి దూకారు. ఆ సాయంత్రమే మన హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలో మెస్సీ గ్యాలరీల ముందు తిరుగుతూ బంతులను ప్రేక్షకుల్లోకి తన్నాడు, కార్యక్రమం సజావుగా ముగిసింది. మనవాళ్లు బుద్ధిమంతులు, వాళ్లు కారు అని భుజాలు చరచుకోవడం తప్పు. ఏర్పాట్లు బాగుంటే జనమూ బాగుంటారన్నది ఇందులో సగం పాఠం. మిగతా సగం చెప్పడానికి చాలామంది వెనకాడుతున్నారు. ఏర్పాట్లు ఎంత అధ్వానంగా ఉన్నా గ్యాలరీలోంచి మైదానంలోకి రాయో సీసానో విసరడం నేరమే. విసిరినవాణ్ని గుర్తించి శిక్షించాల్సిందే.

ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. 2012 డిసెంబరు 9న అదే సాల్ట్‌లేక్‌లో మోహన్‌బగాన్, ఈస్ట్‌బెంగాల్ ఐ-లీగ్ మ్యాచ్ ఆడుతున్నాయి. మోహన్‌బగాన్ ఆటగాడు ఒడాఫాకు రెడ్ కార్డు పడగానే గ్యాలరీ భగ్గుమంది. పైనుంచి వచ్చిన రాయి మోహన్‌బగాన్‌కే ఆడుతున్న రహీం నబీ ముఖానికి తగిలింది. విరామం తర్వాత జట్టు మైదానంలోకి రానంది, మ్యాచ్ అక్కడితో ఆగిపోయింది. ఫుట్‌బాల్ సమాఖ్య ఆ క్లబ్‌పై మొదట నిషేధం విధించి, తర్వాత దాన్ని రెండు కోట్ల రూపాయల జరిమానాగా మార్చింది. రాయి విసిరింది ఎవరో, దెబ్బ తిన్నదీ జరిమానా కట్టిందీ మరొకరు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో చెలరేగిన గొడవ ఇంకా ఘోరం. ఆట చూడటానికి వెళ్లిన పదహారు మంది ప్రాణాలు పోయాయి.

డబ్బు తీసుకుని మోసం చేస్తే జనం ఊరుకుంటారా అని కొందరంటారు. ఊరుకోనక్కర్లేదు. కోల్‌కతాలో ప్రేక్షకుల కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపానికి ఫలితం ఎక్కడ దక్కింది? నిర్వాహకుడిని అరెస్టు చేశారు, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పి విచారణ సంఘం వేశారు, క్రీడల మంత్రి ఆ శాఖ వదులుకున్నారు. కుర్చీలు విరగ్గొడితేనే ప్రభుత్వం కదిలిందని ఎవరైనా వాదించవచ్చు. అది నిజమైతే సిగ్గుపడాల్సింది ప్రభుత్వమే. వాపసు అడిగితే పైసలు తిరిగొచ్చే దారి ముందే ఉండాలి. అది లేకపోవడం పక్క వరుసలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తండ్రి నెత్తిమీదుగా సీసా విసరడానికి సాకు కాదు. ఆ తండ్రీ డబ్బు పెట్టే వచ్చాడు, ఆయనా మోసపోయాడు.

అరుపులూ కేకలూ లేని ఫుట్‌బాల్ ఉప్పు లేని కూర, ఆంక్షలు పెడితే ఆట చచ్చిపోతుందన్నది రెండో వాదన. అరవండి, ఎగతాళి చేయండి, రిఫరీని ఆడిపోసుకోండి. అదంతా ఆటలో భాగమే. దాన్ని తట్టుకోవడం ఎలాగో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తాలో చూపించారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టారని ఆ ఊరంతా మన మీద మండిపడుతోంది. ఫైనల్‌లో సుమారు లక్ష మంది మన జట్టును గేలి చేశారు. క్యాన్సర్‌తో బాధపడుతూనే రహీం తీర్చిదిద్దిన ఆ జట్టు పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. గేలికి ఆటగాడు ఆటతో జవాబివ్వగలడు. రాయికి జవాబు ఉండదు. గీత అక్కడ గీయాలి.

అలాగని లాఠీకి పని చెబితే చాలనేవాళ్ల మాటా చెల్లదు. 2022 అక్టోబరు 1న ఇండొనేసియాలోని కంజురుహాన్ స్టేడియంలో కొందరు మైదానంలోకి దిగారని పోలీసులు స్టాండ్ల మీదికే బాష్పవాయువు వదిలారు. తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు. ఇంగ్లండ్‌లో 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటన 97 మందిని బలిగొంటే నింద ప్రేక్షకుల మీద వేశారు. తప్పు వాళ్లది కాదని 2016లో జ్యూరీ తేల్చేదాకా ఆ కుటుంబాలు మచ్చ మోశాయి. గుంపును శిక్షిస్తే అమాయకులు బలవుతారు, క్లబ్‌కు జరిమానా వేసి వదిలేస్తే అసలు దోషి నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. ఇంగ్లండ్‌లో కోర్టులు దోషిని మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా మ్యాచ్‌లకు రాకుండా నిషేధిస్తాయి, విదేశాల్లో మ్యాచ్‌లున్నప్పుడు పాస్‌పోర్టు కూడా అప్పగించమంటాయి. మనకు కావాల్సింది అలాంటి చట్టం.

హైదరాబాద్‌కు ఇది దూరపు సంగతి కాదు. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక చిక్కుల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద ఫుట్‌బాల్ మళ్లీ గచ్చిబౌలికి రావాలంటే బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కి భార్యాపిల్లలతో వచ్చే మనిషికి చవక టికెట్ గ్యాలరీ కూడా భద్రంగా ఉండాలి. గొడవ జరిగిన ప్రతిసారీ అనుమానం బస్తీ కుర్రాళ్ల మీదికే పోతుంది. సీటు నంబరు, టికెట్ మీద పేరు, ప్రతి వరుసనూ చూసే కెమెరా ఉంటే ఆ అనుమానానికీ తావుండదు. రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సినవి స్పష్టం. దోషిగా తేలినవాడికి కోర్టు ద్వారా స్టేడియం నిషేధం, చేసిన నష్టం అతని జేబులోంచే వసూలు, మాట తప్పిన నిర్వాహకుడి నుంచి గడువులోగా టికెట్ డబ్బు వాపసు, మైదానంలోకి ప్రముఖుల గుంపులకు నో ఎంట్రీ. ఈ నాలుగూ ఒకే చట్టంలో రావాలి. ఒకటి వదిలి మరొకటి పెడితే ప్రేక్షకుడికో ఆటగాడికో అన్యాయం చేసినట్టే. వచ్చే పెద్ద మ్యాచ్‌కు టికెట్లు అమ్మకముందే ప్రభుత్వం ఈ పని పూర్తిచేయాలి.